రేపు రమ్మనే నరసయ్య

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన, పెట్రోలు బంకు దాటాక, ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ట్రాక్టర్లు బాగుచేసే మనిషి పెంచలనరసయ్య. ఆ పేరు రేషన్ కార్డులో ఉండటానికే తప్ప పిలవడానికి పనికిరాలేదు. చుట్టుపక్కల ఊళ్లన్నీ అతన్ని రేపు నరసయ్య అనేవి.

ట్రాలీ జాకీ దగ్గర నూనె కారుతోందనో, లిఫ్టు పైపు చెమరుస్తోందనో బండి తోలుకుపోతే అతను విప్పుతాడు, కడుగుతాడు, బిగిస్తాడు, చేతులు తుడుచుకుంటాడు. మనం బండెక్కబోతే తాళం చెవి జేబులో వేసుకుని “రేపు రా” అంటాడు. పెద్ద రైతు వచ్చినా రేపే, పూట గడవని వాడు వచ్చినా రేపే. ఆ విషయంలో అతనికి కులం లేదు, మతం లేదు, మర్యాద అంతకన్నా లేదు. కూర్చోమని ఒక మాట అనడు. మంచినీళ్లు అడిగితే డ్రమ్ము వైపు చెయ్యి చూపిస్తాడు.

మాది దుత్తలూరు పక్కన పల్లె. మా ఆయన పోయాక ట్రాక్టరు అమ్మేయమని అందరూ సలహా చెప్పారు. సలహా చెప్పిన వాళ్లలో సగం మంది దాన్ని కొనాలని చూసినవాళ్లే. నేను అమ్మకుండా డ్రైవరును పెట్టి బాడుగకు తిప్పాను. అందువల్ల నరసయ్య షెడ్డులోని బల్ల మీద నేను కూర్చున్నంతగా అతని పెళ్లాం కూడా కూర్చుని ఉండదు. ఆ బల్ల మీద నుంచి కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ట్రాలీ నిండా పెంట, అంటే పశువుల ఎరువు, ఎత్తాక దాన్ని వెనక్కి వంచి కుమ్మరించేది కింద ఉండే జాకీ. ఆ జాకీని లేపేది గొట్టాల్లో పోయే నూనె. గొట్టం ఇంకో దానికి బిగుసుకునే చోట మరలు ఉంటాయి. మర ఎంత నున్నగా కోసినా మధ్యలో కంటికి కనపడని సందు ఉండనే ఉంటుంది. అంత ఒత్తిడితో వచ్చే నూనెకు ఆ సందు చాలు. దాన్ని పూడ్చాలి. దేంతో పూడ్చాలన్నదే నరసయ్య బతుకంతా.

వయసులో ఉన్నప్పుడు జనపనార పోగులు చుట్టి పైన సఫేదా పూసేవాడు. అదొక తెల్లటి ముద్ద. ఆరడానికి రాత్రంతా పట్టేది. ‘రేపు రా’ అన్న మాట అక్కడ పుట్టింది. తర్వాత ఆత్మకూరులో లాల్ బాషా స్పేర్ పార్టుల కొట్టుకు చిన్న సీసాలో ఎర్రటి మందు వచ్చింది. మరలకు నూనె తడి లేకుండా తుడిచి, చుక్కలు చుక్కలుగా రాసి బిగిస్తే, గాలి ఆడని ఆ సందులో ఇనుము తగిలి అది గట్టిపడుతుంది. గట్టిపడేదాకా దాని జోలికి పోకూడదు. సఫేదా పోయింది గాని నరసయ్య రేపు మాత్రం పోలేదు.

ఎక్కడ ఏది పెట్టాలో అతనికి పట్టింపు ఎక్కువ. రబ్బరు వాచరు మీద కూర్చునే ముక్కకు మందు కూడా రాయనిచ్చేవాడు కాదు. “ఆడ రబ్బరే కాపలా అక్కా. కాపలాకి ఇంకో కాపలా దేనికి” అనేవాడు. తెల్ల టేపు పేరెత్తితే మాత్రం ఒళ్లు మండేది.

మా మెట్టలో బోరు లేని చేను తక్కువ, తెల్ల టేపు లేని ఇల్లు అంతకన్నా తక్కువ. మోటారు దించేటప్పుడు పైపులకు చుట్టగా మిగిలిన చుట్ట గూట్లో పడి ఉంటుంది. ట్రాక్టరు కారితే జనం దాన్నే తీసేవాళ్లు. కొంచెం చుడితే ఆగేది ఎక్కువ చుడితే ఇంకా బాగా ఆగుతుందని బోరు దగ్గర నేర్చుకున్న తెలివి. ఒకసారి నా బండి లిఫ్టు గొర్రును పైకెత్తి ఇక దించనని మొండికేసింది. నరసయ్య వాల్వు విప్పి, లోపలి నుంచి తెల్లటి పేలిక ఒకటి పట్టకారుతో లాగాడు.

“అక్కా, నీ బండి టేపు తినింది. అరగలా” అన్నాడు.

మా డ్రైవరు చుట్టిన టేపు తెగి నూనెతో పాటు పోయి వాల్వులో ఇరుక్కుందట. ఆ పేలికను షెడ్డులో మేకుకు తగిలించాడు. టేపు మాట ఎత్తిన వాళ్లకల్లా దాన్ని చూపించి, ఎవరి బండిలోదో కూడా చెప్పేవాడు. ఏళ్ల తరబడి నా పరువు ఆ మేకుకు వేలాడింది.

ఇట్లా ఉండగా రోడ్డుకు అవతల కామయ్య షెడ్డు వేశాడు. బోర్లు దించే పని నుంచి వచ్చినవాడు. చెయ్యి చురుకు, ముఖాన నవ్వు. రాగానే టీ తెప్పిస్తాడు, మనం టీ తాగేలోపు టేపు చుట్టి బండి స్టార్ట్ చేసి ఇస్తాడు. చుట్టదగ్గ చోట చుడితే నిలిచేది. చుట్టకూడని చోట చుడితే కొన్నాళ్లకు బండి మళ్లీ వచ్చేది. మళ్లీ వస్తే మళ్లీ టీ. మన జనానికి పనికన్నా టీ ముఖ్యం. నరసయ్య షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి.

అతని భార్య ఆదిశేషమ్మ చూసి చూసి ఒకరోజు నా ముందే అడిగింది. “ఏమయ్యా, నీ రేపు తీసకపోయి ఈ పొద్దు ఎసట్లో పొయ్యమంటావా?”

“కామయ్య దగ్గర టీ పోస్తా ఉండారు. పోయి తాగిరా” అన్నాడు నరసయ్య, తల ఎత్తకుండా.

ఆత్మకూరులో లాల్ బాషా కూడా ఊరుకునేవాడు కాదు. నేను బెల్టు కోసం పోయినప్పుడు నరసయ్య సీసా కొనుక్కుంటున్నాడు.

“నరసన్నా, ఈ మందు ఈ పక్క నువ్వొక్కడివే వాడతా ఉండావు. నువ్వు మానేస్తే మిగిలింది నేను తలకి రాసుకోవాల్సిందే” అన్నాడు లాల్ బాషా.

“రాసుకున్నా గట్టిపడదులే బాషా. దానికి ఇనుము తగలాల. నీ తలకాయలో యాడుండాది?”

కొట్లో అందరూ నవ్వారు. ఇనుము తగలాలన్న ఆ మాట అందరిలో అన్నవాడు అతనే. అందుకే దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

నిరుడు వానలు ఆలస్యమయ్యాయి. ఒకరోజు పొద్దున్నే దుర్గం కొండ మీద నల్లటి మబ్బు దిగింది. మబ్బు దిగితే మెట్ట రైతుకు సంతోషమే గాని, చేలోకి ఇంకా పెంట తోలని వాడికి గుండెలో రాయి పడుతుంది. వాన పడ్డాక చేలోకి ట్రాలీ పోదు, చక్రాలు దిగబడతాయి. పెంట దిబ్బ మీదే ఉండిపోతుంది, విత్తనం ఉత్త నేలలో పడుతుంది. కాబట్టి ఆ పొద్దున ఉదయగిరిలో ప్రతి ట్రాక్టరుకూ ఒక్కసారే రోగం గుర్తొచ్చింది. కామయ్య షెడ్డు ముందు బండ్లు రోడ్డెక్కి నిలబడ్డాయి. నా బండి నరసయ్య దగ్గర అప్పటికే విప్పి ఉంది. నేను బల్ల మీద ఉన్నాను.

అప్పుడు సురేంద్రబాబు ట్రాక్టరును ట్రాలీతో సహా సిద్ధయ్య తెచ్చి నిలిపాడు. సిద్ధయ్య ఆదిశేషమ్మ తమ్ముడు. తల్లి లేని పిల్లవాడని ఆమే సాకింది, నరసయ్యే స్టీరింగ్ పట్టడం నేర్పాడు. మర్రిపాడు వైపు చేలూ నిమ్మతోటా ఉన్న సురేంద్రబాబు దగ్గర డ్రైవరుగా చేరి చాలా కాలమైంది. జాకీ అడుగున ఎల్బో ఉంటుంది, మోచెయ్యిలా వంగిన ఇనుప ముక్క. అక్కడ నూనె కారుతోంది. నరసయ్య దాన్ని విప్పి, మరలు తోమి, ఎండబెట్టి, సీసా చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా ఆ సమయానికి మోటార్ సైకిలు మీద సురేంద్రబాబు దిగాడు.

“ఎంతసేపు నరసయ్యా?”

“రేపు రా బాబూ.”

“మబ్బు చూసినావా?”

“చూసినా. అది నన్నడిగి రాలా.”

“రేపు వాన పడితే పెంటంతా నువ్వు గంపతో మోస్తావా? టేపు చుట్టి ఇచ్చేయ్.”

“టేపు కావాల్నంటే ఎదురుగా ఉండాడు, పోండి.”

ఎదురు చూస్తే కామయ్య దగ్గర వరస సాయంత్రం దాకా తరిగేటట్టు లేదు. సురేంద్రబాబు నరసయ్యను వదిలేసి డ్రైవరు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. పెంచే అవసరం లేనివాళ్లు ఎప్పుడూ పెంచరు.

“ఒరే సిద్ధయ్యా, ఈ పొద్దు పెంట చేలో పడాల. పడలేదంటే నీకింక స్టీరింగ్ లేదు. మీ బావ పక్కన కూర్చోని రేపు రేపు అని జపం చేసుకో.”

అని మోటార్ సైకిలెక్కి పోయాడు. ఈ మాట నేను విన్నాను. అప్పుడే అన్నం క్యారియర్ తెచ్చిన ఆదిశేషమ్మ కూడా విన్నది.

“బావా, ఇచ్చేయ్ బావా” అన్నాడు సిద్ధయ్య. “ఆయన అన్నాడంటే చేస్తాడు.”

“ఆరందే ఒత్తిడి తగలకూడదురా. నీకు తెలవదా?”

“తెలుసు. తెలిసి ఏం చేసేది? నా ఇంట్లో పిల్లోళ్లకి మందు ఆరలేదని చెప్పమంటావా?”

ఆదిశేషమ్మ క్యారియర్ కింద పెట్టింది. “ఊరందరికీ నిలిచే టేపు నీకొక్కడికే నిలవదా? వాడి కూడు పోగొట్టి నీ మందు ఆరబెట్టుకుంటావా?”

“నేను టేపు చుట్టను.”

“అయితే మందు పెట్టి ఇయ్యి.”

“మందు పెట్టి ఇప్పుడే ఇస్తే నిలవదంటా ఉండా గదా.”

“మరి రెండూ పెట్టు” అంది ఆమె. “టేపు ఈ పొద్దు ఆపుతాది. రేపటికి నీ మందు ఆరతాది. ఎవురి మాటా పోదు.”

వినడానికి ఎంతో బాగుంది ఆ మాట. నాకూ బాగానే అనిపించింది. నరసయ్య మేకు మీది పేలికను ఒకసారి చూశాడు, బామ్మర్ది ముఖం చూశాడు. టేపు ఒక్కటే చుట్టి ఇవ్వమంటే ప్రాణం పోయినా చుట్టేవాడు కాదు. కింద టేపు ఉన్నా పైన తన మందు ఉంటుంది కదా, అప్పుడది తన పనే అవుతుంది. అతని గర్వానికి ఆ సందు దొరికింది. సిద్ధయ్య రోడ్డు దాటి కామయ్య దగ్గర టేపు చుట్ట తెచ్చాడు.

నరసయ్య టేపు చుట్టాడు. దాని మీద మందు పోశాడు. ఎల్బోను జాకీకి పెట్టి స్పానరుతో తిప్పాడు. ఎప్పుడూ ఒక దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నిలిచే ముక్క, ఆ రోజు తిరుగుతూనే ఉంది.

“ఇంకా పోతా ఉండాదే” అన్నాడు తనలో తనే. ఇంకో పట్టు పట్టాడు. ఇంకొకటి పట్టాడు.

తాళం చెవి ఇస్తూ, “ట్రాలీ లేపినాక కిందకి పోబాకు” అన్నాడు. సిద్ధయ్య అప్పటికే ఇంజను స్టార్ట్ చేశాడు. విన్నాడో లేదో తెలియదు.

నా బండి సంగతి అడిగాను.

“నీది రేపక్కా” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా ముఖం చూడలేదు.

మధ్యాహ్నం దాటాక కబురు వచ్చింది. మొదట తోలిన పెంట బాగానే పడిందట. తర్వాతి ట్రిప్పులో ట్రాలీ పైకి లేచి ఉండగా జాకీ దగ్గర నూనె చినుకుతున్నట్టు కనపడింది. ఎక్కడి నుంచి వస్తోందో తడిమి చూద్దామని సిద్ధయ్య కింద చెయ్యి పెట్టాడు. ఎల్బో పగిలింది. పెంటతో సహా ట్రాలీ దిగింది. ఆత్మకూరు ఆస్పత్రిలో చూసి నెల్లూరుకు పంపారు. నెల్లూరులో కుడి చెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

ఆ రోజు వాన పడలేదు. మబ్బు అట్లాగే కలువాయి మీదుగా వెళ్లిపోయింది.

బండిని షెడ్డుకు లాక్కొచ్చాక నరసయ్య ఆ ఎల్బోను విప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నిలువునా నెర్రె ఇచ్చి పగిలి ఉంది. మరలను వేలితో రుద్ది నాకు చూపించాడు. వేలికి ఎర్రగా అంటింది. మందు పోసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే పచ్చిగా ఉంది.

“మధ్యలో టేపు ఉండాది గదక్కా. ఇనుము తగల్లా. రేపు గాదు, సంవత్సరానికి కూడా ఆరదు” అన్నాడు. “టేపు జారుడు, మందు జారుడు. రెండూ కలిసేకొద్దికి స్పానరుకి బిగువు తెలవలా. నేనే పగిలేదాకా తిప్పినా.”

పగిలిన ముక్కను బల్ల మీద పెట్టాడు.

“కామయ్య మాదిరిగా ఒట్టి టేపు చుట్టి ఇచ్చున్నా ఆ పొద్దుకి నిలిచేది” అన్నాడు. “వాడి చెయ్యి ఉండేది.”

సిద్ధయ్య ఆస్పత్రి నుంచి వచ్చాక పెద్దమనుషులు షెడ్డు ముందే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరి తప్పో తేల్చాలట. సురేంద్రబాబు తెల్లచొక్కాలో వచ్చాడు.

“నేనేమీ తొందర పెట్టలా. రేపిచ్చినా తీసకపోయేవాణ్ణే. ఈయనే అయిపోయిందని తాళం ఇచ్చినాడు. కావాలంటే వాణ్ణే అడగండి.”

అందరూ సిద్ధయ్యను చూశారు. అతను కట్టు కట్టిన చేతిని కండువా కింద దాచుకుని నేల చూశాడు. నిమ్మతోటకు కాపలాగా పెట్టుకుంటానని సురేంద్రబాబు అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. చెయ్యి లేని డ్రైవరుకు మా వైపు ఇంకెవరు పని ఇస్తారు?

“మా బావే ఇచ్చినాడు” అన్నాడు. “అయిందన్నాడు.”

నేను లేచి నిలబడ్డాను. “స్టీరింగ్ లేదని ఎవరన్నారో నేను విన్నాను. ఈ బల్ల మీదనే ఉండాను.”

“అవ్వా, నీకు వయసైపోయింది. ఎండకి కూర్చోని ఏదో విన్నట్టుండావు” అన్నాడు సురేంద్రబాబు నవ్వుతూ.

“వయసు నా మోకాళ్లకొచ్చింది సురేంద్రబాబూ. చెవులకింకా రాలా.”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. అంతటితో నా సాక్ష్యం అయిపోయింది. నోరున్న ఆడదాని మాట వినడానికి సరదాగా ఉంటుంది, నమ్మడానికి ఎవరికీ పనికిరాదు. ఆదిశేషమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ బెదిరింపు విన్న రెండో మనిషి ఆమె. రెండూ పెట్టమన్న మనిషీ ఆమే. ఆమె నోరు తెరవలేదు. తెరిస్తే తమ్ముడి కాపలా పని పోతుంది.

నరసయ్య ఆమె వైపు చూడనైనా చూడలేదు.

“బిగించింది నా చెయ్యి. ఇచ్చింది నేనే” అన్నాడు.

కుర్చీలు ఎత్తేశారు. పోతూ పోతూ ఒక పెద్దమనిషి అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. ఇన్నేళ్లు రేపు రేపు అని జనాన్ని తిప్పినవాడు ఒక్కనాడు అడిగిన పొద్దుకు ఇస్తే అది కూడా నిలవలేదంటే, ఆ రేపులో మొదటి నుంచీ ఏమీ లేదన్నమాట. అందరికీ ఆ మాట నచ్చింది. అన్నేళ్లు అతని కోసం ఆగినందుకు వాళ్ల కోపం అట్లా తీరింది.

కొంతకాలం షెడ్డు మూసి ఉంది. తెరిచాక నరసయ్య ఆత్మకూరు పోయి టేపు చుట్టలు ఒక డబ్బా కొన్నాడు. లాల్ బాషా సీసా తీసి బల్ల మీద పెట్టబోయి, అతని ముఖం చూసి మళ్లీ అరలో పెట్టేశాడట. తలకి రాసుకుంటానని ఆ రోజు అనలేదట. ఈ సంగతి లాల్ బాషానే నాకు చెప్పాడు.

ఇప్పుడు నరసయ్య షెడ్డు ముందు బండ్లు బాగానే నిలుస్తున్నాయి. టేపు చుట్టి అప్పటికప్పుడు ఇచ్చేస్తాడు. కూర్చోమంటాడు. టీ కూడా తెప్పిస్తాడు. “ముసలోడు దారికొచ్చినాడు” అని సురేంద్రబాబు సైతం మెచ్చుకున్నాడు, తన రెండో ట్రాక్టరు అక్కడికే పంపుతున్నాడు. ఆదిశేషమ్మ రోజూ నిమ్మతోటకు పోయి తమ్ముడికి అన్నం పెట్టి వస్తుంది. ఆ అక్కాతమ్ముళ్లు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

మొన్న నా ట్రాలీ జాకీ దగ్గర చెమ్మ కనపడితే తీసుకుపోయాను. మేకు ఖాళీగా ఉంది. నేను నా పాత బల్ల మీద కూర్చున్నాను. నరసయ్య విప్పాడు, తుడిచాడు. నేను అతని చేతుల వైపే చూస్తున్నాను. జేబులోంచి తెల్ల చుట్ట తీశాడు.

“సీసా లేదా అబ్బయా?” అన్నాను.

“ఉండాదిలే ఆ గూట్లో.”

“మరి?”

అతను టేపే చుట్టాడు. చుట్టడం కూడా చక్కగానే చుట్టాడు, మొదటి మర వదిలి, పేలిక లోపలికి పోకుండా. బిగువు తెలియగానే ఆపేశాడు. తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“అయిందక్కా. తోలకపో.”

“ఉండనియ్యి. నేను రేపు వస్తాలే.”

“టేపుకి రేపుతో పని లేదక్కా” అన్నాడు. అని తర్వాతి బండి దగ్గరికి పోయాడు.

బండి ఇంటికి తెచ్చుకున్నాను. నూనె కారలేదు. ఇంతవరకూ కారలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ట్రాలీ పైకి లేచినప్పుడు మాత్రం నేను చేను గట్టున నిలబడతాను. పెంట మొత్తం కింద పడి, ట్రాలీ మళ్లీ దిగేదాకా, మా డ్రైవరును దాని దగ్గరికి పోనివ్వను.